స్విఫ్ట్ ముందు బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకోవచ్చా? తిరుమల ప్రయాణం ఉంది, సలహా కావాలి

పాత_స్విఫ్ట్ · ఉప్పల్, హైదరాబాద్

అందరికీ నమస్కారం. నాది 2016 స్విఫ్ట్ డీజిల్, 71 వేల కిలోమీటర్లు తిరిగింది. కొన్నాళ్లుగా ముందు ఎడమ చక్రం దగ్గర సన్నగా "కీ..." మని శబ్దం వస్తోంది. బ్రేకు తొక్కితే ఆగిపోతుంది, వదలగానే మళ్లీ మొదలవుతుంది. ఒక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ప్యాడ్లు అయిపోయాయి, డిస్కులు కూడా మార్చాలి, అన్నీ కలిపి తొమ్మిది వేలు దాటుతుంది అన్నారు. డిస్కులకేమైంది అని అడిగితే "రెండూ ఒకేసారి మార్చేయడమే మంచిది సర్" అన్నారే గానీ కొలిచి చూపించలేదు.

వచ్చే నెల అమ్మానాన్నలతో తిరుమల వెళ్లాలి. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్యాటరీ, బల్బులు నేనే మార్చుకుంటాను. బ్రేకుల మీద మాత్రం ఇంతవరకు చెయ్యి వేయలేదు. ప్యాడ్లు ఇంటి దగ్గర మార్చవచ్చా? ఏమేం సామాన్లు కావాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_డ్రైవర్ · హనుమకొండ

బ్రదర్, మిగతావన్నీ ఓకే గానీ బ్రేకులు వద్దు. బల్బు తప్పు పెడితే వెలగదు, అంతే. బ్రేకు తప్పు బిగిస్తే దిగేటప్పుడు ఘాట్ రోడ్డులో తెలుస్తుంది. పెద్దవాళ్లను ఎక్కించుకుని వెళ్తున్నారు. ఆ సర్వీస్ సెంటర్ మీద నమ్మకం లేకపోతే ఇంకో మంచి మెకానిక్‌ను వెతుక్కోండి, పక్కన నిలబడి చూడండి.

ఆటోనగర్_బాబాయ్ · విజయవాడ

హనుమకొండ తమ్ముడి భయం న్యాయమైనదే. అయినా సగం భయం ఏది ఎలా పనిచేస్తుందో తెలియక వచ్చేది. ముందు అది చెబుతాను, ఆ తర్వాత చేయాలో వద్దో మీరే తేల్చుకోండి.

చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు, దాన్ని రెండు వైపులా నొక్కి ఆపే అరిగే బిళ్లలు ప్యాడ్లు. మీకు వస్తున్న శబ్దం ప్యాడు చెప్పే మాట. ప్యాడు వెనక రేకుకు చిన్న ఇనుప నాలుక ఒకటి ఉంటుంది. పదార్థం అరిగి 2, 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఆ నాలుక డిస్కుకు తగిలి కీచుమంటుంది. తొక్కినప్పుడు గట్టిగా నొక్కుకుని అదరడం ఆగుతుంది కాబట్టి శబ్దం పోతుంది. ఇంకా సమయం ఉందని అర్థం, కానీ నెల రోజులు తిరిగేంత కాదు. అదే "గరగర" మని రాపిడి వస్తే పదార్థం పూర్తిగా పోయి ఇనుముకు ఇనుము తగులుతోందని. అప్పుడు బండి కదపకూడదు. వాన పడ్డ మర్నాడు పొద్దున బండి తీయగానే రెండు మూడు బ్రేకుల వరకు వచ్చే గరుకు శబ్దం మాత్రం డిస్కు మీది తుప్పు, అది దానంతటదే పోతుంది.

ఇక డిస్కు సంగతి. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్కు మార్చాలన్న రూలు ఎక్కడా లేదు. కనీస మందం ఎంత ఉండాలో డిస్కు మీదే పోతపోసి ఉంటుంది. కొలత దానికంటే తగ్గినా, గోరుకు తగిలేంత లోతు గాడులు పడినా, నీలం మచ్చలు, పగుళ్లు ఉన్నా, తొక్కినప్పుడు స్టీరింగ్ ఊగుతున్నా మార్చాలి. లేకపోతే అక్కర్లేదు. కొలవకుండా మార్చమన్నవాడి మాట వినవద్దు, కొలవకుండా ఫర్వాలేదన్నవాడి మాట కూడా వినవద్దు.

ప్యాడ్లను పట్టుకుని డిస్కుకు నొక్కే భాగం కాలిపర్. మీ బండికి ముందు ఉన్నది ఫ్లోటింగ్ కాలిపర్. బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో ముందుకు జరిగే పిస్టన్ ఒకటే, లోపలి వైపు ఉంటుంది. తొక్కితే అది లోపలి ప్యాడును నేరుగా డిస్కుకు నొక్కుతుంది. ఆ ఎదురు బలానికి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడును లాక్కొస్తుంది. అంటే ఆ రెండు పిన్నులు హాయిగా జారితేనే రెండు ప్యాడ్లూ సమంగా పనిచేస్తాయి. చాలా షెడ్లలో ప్యాడ్లు మార్చి పంపిస్తారు, పిన్నులు చూడరు. ఇంట్లో చేసుకోవడంలో నాకు కనిపించే అసలు లాభం డబ్బు కాదు, పిన్నులకు ఇచ్చే ఆ పావుగంట.

సాగరతీరం · గాజువాక

బాబాయ్ చెప్పినదానికి సామాన్ల సంగతి కలుపుతాను.

అన్నిటికంటే ముందు జాక్ స్టాండ్లు. బండితో వచ్చే కత్తెర జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద బండి నిలబెట్టి చక్రం విప్పి కాలిపర్ బోల్టులు గుంజితే పక్కకు ఒరిగిపోతుంది. ఇటుకల దొంతర కూడా నమ్మవద్దు, ఇటుక పగిలేటప్పుడు చెప్పి పగలదు. ఒక జత స్టాండ్లు కొనుక్కుంటే పదేళ్లు ఉంటాయి. మీకు దగ్గర్లో రాణిగంజ్‌లో దొరుకుతాయి, బరువు ఎంత ఆగుతుందో ముద్ర వేసి ఉన్నవి చూసి తీసుకోండి.

తర్వాత వీల్ పానా, బాక్సు పానాల సెట్టు, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), పిస్టన్ వెనక్కి నొక్కడానికి పెద్ద సి-క్లాంప్, వైరు బ్రష్, బ్రేక్ క్లీనర్ స్ప్రే, బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు, చేతి తొడుగులు, మాస్కు. టార్క్ రెంచ్ ఖరీదు అనిపిస్తే స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకోండి, కానీ లేకుండా మొదలుపెట్టవద్దు.

గ్రీజు విషయం గట్టిగా చెబుతున్నాను. బేరింగులకు వాడే మామూలు గ్రీజు పిన్నులకు రాస్తే దాంట్లోని పెట్రోలియం నూనెకు రబ్బరు ఉబ్బిపోతుంది. ఇప్పుడు బాగా జారిన పిన్ను కొన్ని నెలలకు ఇరుక్కుంటుంది. క్లీనింగ్‌కు పెట్రోలు, కిరసనాయిలు రెండూ వద్దు. కిరసనాయిలు జిడ్డు పొర వదులుతుంది, పెట్రోలుతో నిప్పు ప్రమాదం.

పాత_స్విఫ్ట్

చాలా థాంక్స్ బాబాయ్ గారూ, సాగరతీరం గారూ. ఇంకో రెండు అనుమానాలు. ప్యాడ్లు ఏ కంపెనీవి తీసుకోవాలి? మాది అపార్ట్‌మెంట్, సెల్లార్ పార్కింగ్. అక్కడ చేయడం సేఫేనా?

లక్ష్మి_కర్నూలు

నేను మా ఐ10కి సెల్లార్‌లోనే చేస్తాను. అసోసియేషన్ వాళ్లకు ముందే చెప్పి, ఆదివారం మధ్యాహ్నం బండ్లు కదలని వేళ చూసుకుంటాను. సెల్లార్ నేల చదునుగా, గట్టిగా ఉంటే అంతకంటే మంచి చోటు లేదు. దిగే ర్యాంపు మీదో, వాలు ఉన్న మూలనో మాత్రం వద్దు. ఎండాకాలం తారు రోడ్డు మీద చేసేవాళ్లు స్టాండు కింద మందపాటి చెక్క వేయాలి, లేకపోతే కాళ్లు దిగబడతాయి.

ప్యాడ్లు కంపెనీ జెన్యూన్ స్పేర్స్ కౌంటర్‌లో తీసుకోండి. బాష్, బ్రెంబో, రానే కూడా దొరుకుతాయి. ఎవరివైనా సరే, బిల్లు ఇచ్చే దుకాణంలో, మోడలు, సంవత్సరం చెప్పి పార్ట్ నంబరు సరిచూసుకుని కొనండి. బ్రేకు భాగాల్లో నకిలీలు ఎక్కువ, సగం ధరకు వస్తున్నాయంటే వద్దు. ఎడమకు ఒక్కదానికే అరిగినా రెండు వైపులా మార్చాల్సిందే, లేకపోతే తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

నేను చేసే పద్ధతి ఇది. మొదటి గేరులో పెట్టి హ్యాండ్ బ్రేకు వేస్తాను. మన బండ్లలో అది వెనక చక్రాలను పట్టుకుంటుంది కాబట్టి ముందు లేపినా పట్టు పోదు. అయినా వెనక చక్రాలకు వెనక నుంచి రాళ్లు అడ్డం పెడతాను. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేసుకోవాలి, గాల్లోకి లేపాక విప్పబోతే చక్రం తిరుగుతుంది, బండి ఊగుతుంది. ఓనర్ మాన్యువల్‌లో చూపించిన చోటే జాకీ, స్టాండు పెట్టి, బరువంతా స్టాండు మీదకు దించి, చేత్తో బండిని నెట్టి చూడాలి. చక్రం విప్పాక దాన్ని బండి అంచు కింద పడుకోబెడతాను. స్టాండు జారినా బండి దాని మీద పడుతుంది, మనిషి మీద కాదు.

తర్వాత కాలిపర్ బయటికి వచ్చే వైపుకు స్టీరింగ్ తిప్పితే దాని వెనక భాగం చేతికి అందుతుంది. విప్పకముందే ఫోనుతో నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. ఒక వైపు పూర్తిగా అయ్యాకే రెండో వైపు విప్పండి. అనుమానం వస్తే వెళ్లి చూసుకోవడానికి రెండోది సరిగ్గా ఉన్న నమూనా.

కింది పిన్ను బోల్టు ఒక్కటి తీస్తే కాలిపర్ పైకి లేస్తుంది. దాన్ని వైరుతో స్ప్రింగుకు కట్టేయాలి, బ్రేకు హోసుకు (ఆయిల్ వచ్చే రబ్బరు గొట్టానికి) వేలాడదీయకూడదు. హోసు లోపల చిట్లితే పైకి కనిపించదు. కాలిపర్ లేచి ఉన్నంతసేపు ఎవరూ పెడల్ తొక్కకుండా చూసుకోండి, పిస్టన్ బయటకు వచ్చేస్తుంది. మా పిల్లవాడు కారెక్కి ఆడుకుంటాడని నేను తలుపులు తాళం వేసి పెడతాను.

పాత ప్యాడ్లు, వాటి స్టీలు క్లిప్పులు ఊడదీసి, క్లిప్పులు కూర్చునే గాడుల్లోని తుప్పు వైరు బ్రష్‌తో గీకాలి. దుమ్మును నోటితో ఊదవద్దు, కంప్రెసర్‌తో కొట్టవద్దు. క్లీనర్ చల్లి గుడ్డతో తుడవండి. కొత్త ప్యాడు చేతితో నెడితే జారి కూర్చోవాలి. సుత్తితో కొట్టాల్సి వస్తోందంటే గాడిలో ఇంకా తుప్పు ఉందన్నమాట.

ఆటోనగర్_బాబాయ్

అమ్మా లక్ష్మీ, చాలా చక్కగా చెప్పావు. ఒక్కటి కలపాలి. పిస్టన్ వెనక్కి నొక్కేముందు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు వస్తుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది, డబ్బాలో మట్టం తగ్గుతుంది. అది లీకు కాదు. మధ్యలో ఎవరైనా మ్యాక్స్ గీత దాకా నింపి ఉంటే, మీరు పిస్టన్ నొక్కగానే పొంగి బయటకు కారుతుంది, బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది. ముందే సిరంజితో కొంచెం తీసేయండి. కారితే వెంటనే నీళ్లు పోసి కడగండి.

పాత ప్యాడును పిస్టన్ మీద ఆనించి దాని మీద క్లాంప్ బిగించండి, పిస్టన్ తిన్నగా దిగుతుంది. నిదానంగా, చాలా నిదానంగా.

ఘాట్‌రోడ్డు_శీను · పాడేరు

పిస్టన్ నొక్కేటప్పుడు బ్లీడర్ నిపుల్ (కాలిపర్ మీద ఆయిల్, గాలి బయటకు వదిలే చిన్న మర) తెరవాలి కదా బాబాయ్? పాత మురికి ఆయిల్ వెనక్కి ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే) యూనిట్‌లోకి వెళ్తే పాడవుతుందని విన్నాను. నేనైతే నిపుల్ వదులు చేసి, గొట్టం పెట్టి సీసాలోకి వదులుతాను.

ఆటోనగర్_బాబాయ్

శీనూ, నీ పద్ధతి తప్పు కాదు. అలవాటు ఉన్నవాళ్లకు అదే మంచిది. కానీ మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పను. ఇన్నేళ్ల బండి నిపుల్ తుప్పుతో బిగుసుకుని ఉంటుంది, బలవంతంగా తిప్పితే మెడ దగ్గర విరుగుతుంది. మూసేముందు క్లాంప్ వదిలితే గాలి లోపలికి పోతుంది, అప్పుడు మొత్తం బ్లీడింగ్ చేయాలి, అంటే లోపలి గాలంతా ఆయిల్‌తో బయటకు తోయాలి. నిపుల్ మూసే ఉంచి నిదానంగా నొక్కితే నడుస్తుంది. ఆయిల్ అంత మురికిగా ఉంటే అసలు చేయాల్సింది దాన్ని మార్చడం.

ఇక్కడే ఆ మాట కూడా చెప్పేస్తాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 గ్రేడు ఆయిల్ కొత్తది 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి, నీరు పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3కి అవే 205, 140. ఘాట్‌లో పదే పదే తొక్కితే కాలిపర్ వేడి ఆయిల్‌కు ఎక్కుతుంది. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది, కాబట్టి పెడల్ మెత్తగా కిందకు పోతుంది. కొత్త ప్యాడ్లు వేసినా ఆయిల్ పాతదైతే తిరుమలకు సగమే సిద్ధమైనట్టు. సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి. ఏ గ్రేడో డబ్బా మూత మీద రాసి ఉంటుంది. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్, వేరే జాతి, దాన్ని మాత్రం వీటిలో కలపవద్దు.

మిషిగన్_మామ

ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, పిన్నులు ఇరుక్కోవడం మాకు మామూలే. గాజువాక సోదరుడికి సముద్రపు గాలితో అదే అనుభవం ఉండి ఉంటుంది. పిన్ను చేత్తో లాగితే మెత్తగా రావాలి, వదిలితే నెమ్మదిగా లోపలికి జరగాలి. రాకపోతే మెలితిప్పుతూ లాగండి. పిన్నును కప్పే రబ్బరు బూటు చిరిగి ఉంటే పిన్ను కిట్టుతో సహా మార్చండి, చిరిగిన బూటులోకి నీళ్లు వెళ్తాయి. కొన్ని బండ్లలో పై పిన్నూ కింది పిన్నూ ఒకేలా ఉండవు, ఒకదానికి చివర రబ్బరు తొడుగు ఉంటుంది. తారుమారు చేయకండి.

ఇక్కడ ఆటోజోన్ లాంటి దుకాణాల్లో డిపాజిట్ కట్టి పనిముట్లు తీసుకెళ్లి, పని అయ్యాక తిరిగి ఇచ్చేయవచ్చు. మన ఊళ్లలోనూ అలాంటివి వస్తే ఎంతోమందికి పనికొస్తుంది.

పాత_స్విఫ్ట్

ఆదివారం చేశాను. వివరాలు పెడుతున్నాను, ఇంకెవరికైనా ఉపయోగపడతాయి.

కుడి వైపు రెండు ప్యాడ్లూ దాదాపు సమానంగా, 4 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయి. ఎడమ వైపు బయటిది 5 మిల్లీమీటర్లు ఉంది, లోపలిది ఒక మిల్లీమీటరు కూడా సరిగ్గా లేదు. చక్రం సందుల్లోంచి టార్చి వేస్తే కనిపించేది బయటిది ఒక్కటే, దాన్ని చూసి నేను ఇంకా ఉందిలే అనుకునేవాణ్ణి. బాబాయ్ గారు చెప్పినట్టే ఎడమ కింది పిన్ను కదలడం లేదు. బూటు చిరిగి లోపల తుప్పు పట్టింది. మెలితిప్పుతూ బయటకు తీశాను, దాని ఉపరితలం గుంతలు పడి ఉంది. శుభ్రం చేసి మళ్లీ వేయడానికి మనసొప్పలేదు. పని అక్కడే ఆపి, సోమవారం పిన్నులు, బూట్ల కిట్టు తెచ్చి పూర్తి చేశాను. అప్పటిదాకా బండి స్టాండు మీదే ఉంది.

డిస్కులు కొలిచాను. అంచున అరగని గట్టు ఉండడం వల్ల వెర్నియర్ (మందం కొలిచే పనిముట్టు) దవడలు దాని మీద కూర్చుని ఎక్కువ చూపిస్తున్నాయి. రెండు వైపులా ఒకే రకం రూపాయి బిళ్లలు పెట్టి కొలిచి, బిళ్లల మందం తీసేశాను. రెండు డిస్కులూ వాటి మీద ఉన్న కనీస మందం కంటే పైనే ఉన్నాయి, గాడులు లేవు. కాబట్టి మార్చలేదు.

కాలిపర్ బోల్టులు, చక్రం నట్లు టార్క్ రెంచ్‌తోనే బిగించాను. ఇంజన్ స్టార్ట్ చేయకముందే పెడల్ తొక్కాను, మొదట నేల దాకా పోయింది, కొన్నిసార్లు తొక్కాక గట్టిపడింది. ఇప్పుడు శబ్దం లేదు. కానీ బ్రేకు కొంచెం మొద్దుగా అనిపిస్తోంది. ఇది మామూలేనా?

ఆటోనగర్_బాబాయ్

పిన్ను చూసి పని ఆపావు చూడు, అదీ పద్ధతి. శుభాకాంక్షలు నాయనా.

ఆ మొద్దుతనం మామూలే. కొత్త ప్యాడు ఉపరితలం పాత డిస్కు అరుగుదలకు ఇంకా సరిపడలేదు. పొద్దున్నే ఖాళీ రోడ్డు చూసుకుని, 50, 60 వేగం నుంచి 10 దాకా ఒక మోస్తరుగా తొక్కుతూ తగ్గించు. పూర్తిగా ఆపకు. కొంత దూరం వదిలి చల్లారనిచ్చి మళ్లీ అలాగే, ఓ పదిసార్లు. వేడి మీద ఉన్నప్పుడు పెడల్ నొక్కి పట్టుకుని నిలబడితే ప్యాడు అచ్చు డిస్కు మీద పడి అదురు మొదలవుతుంది. తర్వాత రెండు మూడు వందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు లేకుండా నడుపు. తిరుమలకు ముందే ఇది పూర్తవ్వాలి, ఘాట్‌లో చేసే పని కాదు.

పెడల్ మెత్తగా స్పాంజిలా ఉంటే మాత్రం అది వేరు. అప్పుడు గాలి ఉన్నట్టు, బండి తీయకుండా మెకానిక్‌ను ఇంటికే పిలిపించు. మొదటి యాభై కిలోమీటర్ల తర్వాత చక్రం నట్లు మరోసారి రెంచ్‌తో చూసుకో.

ఓరుగల్లు_డ్రైవర్

నేను వద్దన్నాను గానీ, పిన్ను సంగతి చదివాక ఆలోచన మారింది. మా ఇంటి బండికి ఎప్పుడూ ప్యాడ్లు మార్పించడమే తప్ప పిన్నులు చూడమని అడగలేదు. ఈసారి అడిగి, పక్కన నిలబడతాను.

తిరుమల గురించి నాకు తెలిసింది చెబుతాను, ఆ రోడ్డు మీద ఏళ్ల తరబడి ట్యాక్సీ నడిపాను. ఎక్కేది రెండో ఘాట్ రోడ్డు, దిగేది మొదటి ఘాట్ రోడ్డు. దిగేటప్పుడే మలుపులు ఎక్కువ. బ్రేకు మీద కాలు ఆనించి దిగవద్దు. రెండో గేరులో పెట్టండి, ఇంజనే పట్టుకుంటుంది. మలుపు ముందు ఒకసారి గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేయండి, డిస్కుకు గాలి తగలనివ్వండి. న్యూట్రల్‌లో దిగితే డీజిల్ ఆదా అని కొందరు చెబుతారు, వినకండి. కాలిన వాసన వచ్చినా, పెడల్ లోతుగా పోతున్నా పక్కకు ఆపి చల్లారనివ్వండి, వేడి డిస్కుల మీద నీళ్లు పోయవద్దు.

కొత్త_క్రెటా · రాజమండ్రి

ఈ చర్చ చదివి నాక్కూడా ధైర్యం వచ్చింది. నాది క్రెటా పై వేరియంట్, వెనక కూడా డిస్కులే, హ్యాండ్ బ్రేకు బదులు బటన్ ఉంది. వెనక ప్యాడ్లకు కూడా ఇదే పద్ధతేనా?

సాగరతీరం

కాదు సోదరా, క్లాంప్ పెట్టవద్దు. బటన్ ఉన్న బండ్లలో వెనక కాలిపర్ మీద చిన్న మోటారు ఉంటుంది, పిస్టన్‌ను అదే బిగించి పట్టుకుంటుంది. దాన్ని స్కానర్‌తో (బండి కంప్యూటర్‌కు తగిలించే పరికరంతో) సర్వీస్ మోడ్‌లోకి పంపి మోటారును వెనక్కి తిప్పించాకే పిస్టన్ నొక్కాలి. బలవంతం చేస్తే లోపలి స్క్రూ విరుగుతుంది. లివర్ ఉండి వెనక డిస్కులున్న కొన్ని బండ్లలో పిస్టన్‌ను నొక్కుతూ తిప్పాలి, దానికి వేరే పనిముట్టు ఉంటుంది. మీ బండికి ముందు చక్రాలు మీరు చేసుకోండి. వెనకవి స్కానర్ ఉన్న చోటికి తీసుకెళ్లండి, పిన్నులకు గ్రీజు పెట్టమని అడగడం మర్చిపోవద్దు.

లక్ష్మి_కర్నూలు

పాత స్విఫ్ట్ గారూ, మీకు వెనక డిస్కుల బదులు డ్రమ్ము బ్రేకులు కదా. ప్రయాణానికి ముందు వాటిని కూడా ఒకసారి తీయించి లైనింగ్ (లోపల అరిగే పొర) మందం, దాన్ని ఆయిల్ ఒత్తిడితో నెట్టే వీల్ సిలిండర్ దగ్గర తడి ఉందేమో చూపించుకోండి. డ్రమ్ము లోపల స్ప్రింగులు, అడ్జస్టరు అన్నీ ఉంటాయి, ఆ పని నేనూ షెడ్డులోనే చేయిస్తాను. అప్పుడే బ్రేక్ ఆయిల్ కూడా మార్పించేస్తే నాలుగు చక్రాలకూ ఒకేసారి బ్లీడింగ్ అయిపోతుంది.

పాత_స్విఫ్ట్

సరేనండి. శనివారం డ్రమ్ములు, ఆయిల్ రెండూ చేయిస్తున్నాను. డబ్బా మూత మీద గ్రేడు చూసి, సీలు తీయని డబ్బా నేనే కొనుక్కెళ్తాను.